బొరుగుల ఫ్లై కట్టాను, చేపలు వాసన చూసి వెళ్ళిపోతున్నాయి

అనంత_గాలం | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

హైదరాబాద్ శివార్లలో డబ్బులిచ్చి గాలం వేసుకునే చెరువు ఒకటుంది. శీలావతి, గడ్డి చేప, కొద్దిగా రూప్‌చంద్. సాయంత్రమైతే పిల్లలు గట్టు మీద నిలబడి బొరుగులు చల్లుతారు (కోస్తా వాళ్ళకి మరమరాలు). చల్లిన నిమిషానికి నీళ్ళు ఎసరులా మరుగుతాయి. పక్కనే నేను ఆరో నంబరు ఫ్లై రాడ్డుతో ఈకల ఫ్లైలు (కొక్కేనికి ఈకలు చుట్టి చేసే దొంగ పురుగులు) విసురుతుంటే ఒక్కటి కూడా కన్నెత్తి చూడదు.

సరే, తింటున్నదే కట్టి పెడదాం అనుకున్నాను. టీవీ పెట్టెలో చుట్టి వస్తుందే, తెల్లటి ఫోమ్ షీటు, దాన్ని బొరుగు ఆకారంలో కత్తిరించి పదో నంబరు కొక్కేనికి కట్టాను. మార్కర్‌తో నడుమ సన్నగీత కూడా గీశాను. టేబుల్ మీద పెడితే మా ఆవిడ నోట్లో వేసుకోబోయింది. అంత బాగా కుదిరింది.

చేపలు మాత్రం వస్తాయి, రెండంగుళాల దూరంలో ఆగుతాయి, ముట్టెతో ఒకసారి నెడతాయి, వెనక్కి తిరుగుతాయి. నాలుగు సాయంత్రాలకు ఒక్కటే చేప పడింది. అది కూడా రెక్కకి గుచ్చుకుని. దాన్ని లెక్కలో వేసుకోవట్లేదు.

ఎక్కడ తప్పు చేస్తున్నాను?

---

బెండు_మునిగింది | శనివారం, రాత్రి 9:31

తప్పు ఎక్కడంటే, జేబులో నిజం బొరుగులుండగా అబద్ధం బొరుగు వేయడం 😄 రెండు బొరుగులు కొక్కేనికి గుచ్చి వేయి తమ్ముడూ, రాత్రికి పులుసు.

---

అనంత_గాలం | శనివారం, రాత్రి 9:40

బొరుగు కొక్కేనికి నిలవదు అన్నా, తడిస్తే ఊడిపోతుంది. అయినా అక్కడ పట్టిన చేపను వదిలేయాలి. పులుసు లేదు.

---

డాలస్_మావయ్య | ఆదివారం, ఉదయం 6:05

తమ్ముడూ, సరిగ్గా నేనూ ఇదే గోతిలో పడ్డాను, బ్రెడ్డుతో. ఇక్కడ వైట్ రాక్ లేక్ అని ఊరి మధ్యలో చెరువుంది. జనం బాతులకి బ్రెడ్డు వేస్తుంటారు, బాతులు వదిలేసిన తునకల కోసం కింద కార్ప్ చేపలు (మన శీలావతి, గడ్డి చేపల చుట్టాలే) తిరుగుతుంటాయి. నేనూ ఫోమ్‌తో అచ్చం బ్రెడ్డులాంటి ఫ్లై కట్టాను. ఫోటో తీస్తే ఏది బ్రెడ్డో ఏది ఫ్లైయో నాకే తెలీదు. చేపకి తెలిసిపోయింది.

ఎందుకంటే మనం ఫోటో తీసేది పైనుంచి. చేప చూసేది కిందనుంచి. ఫోమ్ నీళ్ళ మీద పడవలా ఎత్తుగా కూర్చుంటుంది. నానిన బ్రెడ్డు పైపొరలో సగం మునిగి, అంచులు చెదిరి, వేలాడుతుంటుంది. కిందనుంచి చూస్తే ఈ రెండింటికీ పోలికే ఉండదు.

మేం ఇక్కడ జింక వెంట్రుకలు వాడతాం. వెంట్రుకలో గాలి ఉంటుంది కాబట్టి తేలుతుంది, అయినా ఫోమ్ అంత ఎత్తుగా కాదు. దారంతో బిగిస్తే కొక్కెం చుట్టూ బ్రష్షులా విచ్చుకుంటుంది, దాన్ని కత్తెరతో చెక్కుకోవడమే. ఇంగ్లండులో కుక్క బిస్కెట్లకి అలవాటు పడ్డ కార్ప్‌ల కోసం ఇదే పద్ధతిలో గోధుమరంగు బిస్కెట్ ఫ్లై కడతారు. నువ్వూ తెల్ల జింక వెంట్రుక తెచ్చుకో.

---

వైస్_ముందు_వదిన | ఆదివారం, ఉదయం 8:50

మావయ్య గారూ, మీ సలహా డాలస్‌కి బాగుంది. ఇక్కడ జింక వెంట్రుక అంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. దుప్పి తోలు ముక్క ఇంట్లో దొరికినా కేసే. అనంత గారూ, ఎవరైనా "పాత తోలు ఉంది, వెంట్రుకలు ఇస్తాను" అన్నా దగ్గరికి పోకండి.

దానికంటే మంచిది మన ఇళ్ళలోనే ఉంది. బూరుగు దూది. అమ్మమ్మ కాలం నాటి తలగడ ఒకటి విప్పండి. ఆ పోగు లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది, పైన సన్నటి మైనం పూత ఉంటుంది. అందుకే నీళ్ళు పట్టదు. ఒకప్పుడు ఓడల మీద ప్రాణరక్షణ జాకెట్లలో నింపింది ఈ జాతి దూదినే. మామూలు పత్తి వాడారో, రెండో విసురుకి అడుగున ఉంటుంది.

ఒక తిరకాసు ఉంది. బూరుగు దూది జారుడు, పోగు పొట్టి, దారానికి చుట్టుకోదు. ఒంటరిగా పేనితే నాలుగు విసుర్లకి గాల్లో కలిసిపోతుంది. తెల్ల స్వెట్టరు ఊలు దువ్వి అందులో కలపండి. ఊలు నీళ్ళు పీల్చి కిందికి లాగుతుంది, బూరుగు పైకి లాగుతుంది. ఈ రెంటి జగడంలో ఫ్లై సరిగ్గా పైపొరలో వేలాడుతుంది. పాళ్ళు నన్ను అడగొద్దు, మీ ఊలు వేరు, నా ఊలు వేరు. బకెట్లో చూసుకోండి. ఒక బొరుగు, ఒక ఫ్లై పక్కపక్కన వేసి అయిదు నిమిషాలు కూర్చుని చూడండి. స్టీలు బకెట్ వద్దు, గాజు సీసాయో పాత అక్వేరియమో అయితే కిందనుంచి కనిపిస్తుంది.

ఇంకో మాట. ఫోటో పెట్టలేదు గానీ, మీ ఫోమ్ కొక్కెం కడుపంతా నిండిపోయి ఉంటుందని నా పందెం. కొక్కెం మొనకీ కాడకీ మధ్య ఖాళీ లేకపోతే చేప నోట్లో పెట్టుకున్నా గుచ్చుకోదు. కట్టడం అయ్యాక కింది భాగం బ్లేడుతో నున్నగా గీకేయండి. పొట్టి కాడ, వెడల్పు నోరు ఉన్న కొక్కెం తీసుకోండి.

---

అనంత_గాలం | ఆదివారం, రాత్రి 10:20

వదినగారూ, పందెం మీరే గెలిచారు. కడుపంతా ఫోమే.

సీసాలో వేసి చూశాను. నిజం బొరుగు మొదట ఎత్తుగా తేలింది. మెల్లగా నాని, ఉబ్బి, పక్కకి ఒరిగి, నిమిషంన్నరకల్లా నీటి పొరలో అతుక్కుపోయినట్టు ఉంది. వేలితో నొక్కితే మెత్తగా జారిపోతోంది. నా ఫోమ్ బొరుగు మాత్రం అయిదు నిమిషాల తర్వాత కూడా పెళ్ళికొడుకులా నిటారుగా కూర్చుంది. పైగా కొక్కెం బరువుకి తోక కిందికి, తల పైకి. ఏ బొరుగూ అలా నిలబడదు.

అమ్మ తలగడ విప్పడానికి ఒప్పుకోవట్లేదు. చర్చలు సాగుతున్నాయి.

---

కైకలూరు_కుర్రాడు | సోమవారం, మధ్యాహ్నం 1:15

మాది కొల్లేరు పక్క. మూడు తరాలుగా చేపల చెరువులే. ఫ్లై అంటే నాకు ఈగ మాత్రమే తెలుసు, కానీ చేప మేత ఎలా తింటుందో చెప్పగలను. రోజూ చూసేదే కదా.

మా వైపు శీలావతికీ బొచ్చెకీ తవుడు, వేరుశనగ చెక్క సంచుల్లో పెడతాం. సంచికి అడుగున చిల్లులు పొడిచి, వెదురు గడకి కట్టి నీళ్ళలోకి దించుతాం. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి పీలుస్తాయి. కొరకవు. దగ్గర నిలబడి చూస్తే సంచి వణుకుతూ ఉంటుంది. మధ్యాహ్నానికి సంచి ఎంత ఖాళీ అయిందో చూసి రేపటి మేత లెక్క వేసుకుంటాం.

దీన్నిబట్టి రెండు సంగతులు. ఒకటి, ఈ జాతి చేప మేతని నీళ్ళతో కలిపి లోపలికి పీలుస్తుంది. నోటి పైకప్పులో మెత్తటి కండ లాంటిది ఉంటుంది, దానితో మేతని అక్కడే జల్లెడ పట్టి, పనికిరానిది ఉమ్మేస్తుంది. పళ్ళు గొంతులో ఉంటాయి. నీ ఫోమ్ గట్టిగా తగలగానే తుపుక్కున ఉమ్మేసి ఉంటుంది. నువ్వు ముట్టెతో నెట్టింది అనుకుంటున్నావే, అందులో సగం పీల్చి ఉమ్మేయడమే అయ్యుంటుంది. మెత్తగా కడితే ఇంకో అరక్షణం నోట్లో ఉంచుకుంటుంది. ఆ అరక్షణమే నీది.

రెండోది, గాలి. తేలే మేత వేస్తే గాలికి కొట్టుకుపోయి ఒక మూలకి చేరుతుంది. పిల్లలు బొరుగులు చల్లే చోటికి పెద్ద చేప రాదు. గాలి మళ్ళే మూలలో, నానిన మేత దగ్గర మెల్లగా తింటూ ఉంటుంది. బొరుగులు పడ్డ చోట మరిగేదంతా పిల్ల చేపలే. నువ్వు అక్కడ ఎందుకున్నావు?

---

వైస్_ముందు_వదిన | సోమవారం, మధ్యాహ్నం 2:02

కైకలూరు తమ్ముడు నాలుగేళ్ళ పుస్తకాలు నాలుగు పేరాల్లో చెప్పాడు.

గాలి మాట వచ్చింది కాబట్టి, అనంత గారూ, మిగతా బొరుగులన్నీ గాలికి సాగిపోతుంటే మీదొక్కటే లంగరేసిన పడవలా ఆగి ఉందా? ఫ్లై లైను పట్టి లాగుతుంటే అలాగే అవుతుంది. విసిరాక లైను కాస్త వదులు చేయండి, ఫ్లై కూడా వాటితో పాటు నడవాలి. టిప్పెట్ (లైను చివర ఫ్లైకి కట్టే సన్నటి తీగ) పైన తేలితే కిందనుంచి గీతలా కనిపిస్తుంది. ముల్తానీ మట్టిలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ముద్ద చేసి చివరి రెండడుగులకి రాయండి, మునుగుతుంది. విదేశాల్లో డబ్బాలో పెట్టి అమ్మే మట్టి కూడా ఇంచుమించు ఇదే. మొహానికి మిగిల్చుకోండి 🙂

---

శుద్ధ_శాస్త్రి | సోమవారం, సాయంత్రం 7:44

చూస్తూ ఊరుకుందామనుకున్నాను గానీ కుదరట్లేదు. ఫ్లై అంటే పురుగుకో చిన్న చేపకో అనుకరణ. ప్రకృతిలో ఉన్నదాన్ని గమనించి, దాన్ని ఈకలతో, వెంట్రుకలతో దించే కళ. బొరుగు, బ్రెడ్డు, కుక్క బిస్కెట్... ఇవేం పురుగులు? ఏ ఏట్లో పుడతాయి? ఇది ఎరగాలమే, ఖరీదైన రాడ్డుతో.

---

బెండు_మునిగింది | సోమవారం, సాయంత్రం 7:51

శాస్త్రి గారూ, మా చెరువులో బొరుగు రోజూ సాయంత్రం అయిదున్నరకి పుడుతుంది. మీ మేఫ్లై పురుగు కన్నా టైము తప్పదు.

---

న్యూజెర్సీ_నరసయ్య | మంగళవారం, ఉదయం 5:30

శాస్త్రి గారి మాటని అంత తేలిగ్గా తీసేయకండి. ఇక్కడ ఈ తగవు చట్టం దాకా వెళ్ళింది. నేను వారాంతాల్లో పెన్సిల్వేనియా వెళ్తుంటాను. అక్కడ ఫ్లై మాత్రమే వాడాల్సిన ఏరులు ఉన్నాయి. కొక్కెం చుట్టూ చుట్టి కట్టింది అయితే సరే. అచ్చులో పోసిన వానపాము, అచ్చులో పోసిన చేపగుడ్డు లాంటివి కుదరవు. అంటే వానపాముని పోలడం తప్పు కాదు. అది కట్టిందా, పోసిందా అన్నదే గీత. అదే వానపాముని ముఖ్‌మల్ లాంటి తాడుతో కడితే ఫ్లై. న్యూమెక్సికోలో సాన్ హువాన్ నది పేరు మీద ప్రసిద్ధికెక్కిన ఫ్లై అదే. ఎర్ర తాడు ముక్క ఒకటి కొక్కేనికి కట్టి, రెండు కొసలూ నిప్పుతో కాల్చి మొనదేల్చడం, అంతే. నేను అగరుబత్తితో కాలుస్తాను. లైటర్‌తో అయితే సగం తాడు పోతుంది.

సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే కాలంలో ట్రౌట్‌లు వెనకాలే తిరుగుతూ కొట్టుకొచ్చిన గుడ్లు తింటాయి. కాబట్టి నారింజ రంగు ఊలుతో ఉండ కట్టి దాన్ని గుడ్డు ఫ్లై అంటే ఇక్కడ ఎవరూ నవ్వరు. గుడ్డు ప్రకృతి, బ్రెడ్డు కాదు అంటారేమో. చేప ఆ తేడా చూడదు కదా.

నేల తుడిచే మైక్రోఫైబర్ తొడుగు ఉంటుందే, వేళ్ళు వేళ్ళుగా. అందులో ఒక వేలు కత్తిరించి కొక్కేనికి కడితే మాప్ ఫ్లై. చూడ్డానికి లావుపాటి పురుగులా ఉంటుంది, కట్టడానికి నిమిషం పట్టదు. పోటీల్లో పతకాలు గెలిచే వాళ్ళ డబ్బాల్లోనూ చూశాను. దాన్ని చూస్తే శాస్త్రి గారికి జ్వరం వస్తుంది.

---

శుద్ధ_శాస్త్రి | మంగళవారం, ఉదయం 9:10

వచ్చింది.

సరే, కట్టిందే ఫ్లై అన్న గీత నాకు నచ్చింది. బొరుగుని నేను కట్టను. కానీ అనంత గారు కడితే అది ఫ్లై కాదని ఇక అనను. ఒక్క షరతు, దానికి వాసన పూయకూడదు.

---

బెండు_మునిగింది | మంగళవారం, ఉదయం 9:22

అయ్యో, ఇప్పుడే వెనిలా ఎసెన్స్ రెండు చుక్కలు అందామనుకున్నా. పిండిముద్దలో మేం వేసేది అదే. సోంపు పొడి కూడా.

---

కైకలూరు_కుర్రాడు | మంగళవారం, ఉదయం 11:40

వాసన పూస్తే పని సులువు, నిజమే. కార్ప్ జాతికి పెదాల మీద, మీసాల మీద కూడా రుచి తెలుస్తుంది. జెల్ల అయితే ఒళ్ళంతా నాలుకే. అందుకే జెల్లకి ఈ ఫ్లై వేసి కూర్చోకండి, రాత్రి తెల్లారుతుంది.

---

నిర్వాహకుడు | మంగళవారం, మధ్యాహ్నం 12:00

వాసన పూయొచ్చా, పూయకూడదా అన్నది వేరే చర్చగా తెరిచాను, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ కట్టడం గురించి మాత్రమే.

---

బెంగళూరు_సంగటి | మంగళవారం, రాత్రి 10:55

కట్టడం గురించే నా గోడు. మాది మదనపల్లె, ఉండేది బెంగళూరు. కావేరి మీద మహసీర్ అనే పెద్ద ఏటి చేపని పట్టే క్యాంపులు నడిచిన రోజుల్లో అక్కడ పేరుపడ్డ ఎర ఏంటో తెలుసా? రాగిముద్ద. మనం గొడ్డుకారంతో తినేదే. ఉడికించి, నిమ్మకాయంత ఉండ చేసి కొక్కేనికి పొదిగి ప్రవాహంలోకి వదిలేవాళ్ళు. ఇప్పుడు అభయారణ్యంలో ఆ క్యాంపులు లేవు. ఆ గూని మహసీర్ అసలు పేరు టోర్ రెమాదేవీ అని 2018లో తేల్చారు, అదే ఏడాది తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చారు. కాబట్టి దాని జోలికి పోయే ఉద్దేశం ఎవరికీ ఉండకూడదు, నాకూ లేదు.

కానీ ముద్ద ఫ్లై కట్టాలన్న పిచ్చి పట్టింది. ముదురు గోధుమరంగు ఊలుతో నిమ్మకాయంత ఉండ కట్టాను. మేడ మీద విసిరి చూశాను. ఎండినప్పుడు టెన్నిస్ బంతి, తడిసినప్పుడు ఇటుకరాయి. రెండో విసురుకి నా వీపు మీదే పడింది. ఎనిమిదో నంబరు రాడ్డు కూడా మోయలేదు. తర్వాత రేగిపండంత చేసి మా వైపు ఒక ప్రైవేటు చెరువులో బంగారు తీగ చేపకి వేశాను. రెండు పడ్డాయి. రాగిముద్ద అనుకునే తిన్నాయో, నత్త అనుకున్నాయో వాటికే తెలియాలి.

---

డాలస్_మావయ్య | బుధవారం, ఉదయం 6:20

సంగటి తమ్ముడు నవ్వించాడు. అయితే అందులో పాఠం ఉంది. ఎర ఎంత ఉందో ఫ్లై అంత ఉండక్కర్లేదు. బ్రెడ్డు తునకలో గోరంత ముక్క చాలు. ఇక్కడ వసంతం చివర్లో చెరువు మీదికి వాలిన మల్బరీ చెట్ల నుంచి పళ్ళు టపటపా రాలతాయి, కార్ప్‌లు చెట్టు కింద బారులు తీరతాయి. దానికి ఊదారంగు ఊలుతో పండు ఫ్లై కడతాం. అందులో రంగు కన్నా చప్పుడు ముఖ్యం. పండు పడ్డట్టు 'టప్' మని పడాలి. ఈ జాతికి వినికిడి బాగా ఎక్కువ, వెనక్కి తిరిగి వస్తాయి. బొరుగుకి మాత్రం చప్పుడు ఉండకూడదు. కాబట్టి అనంతూ, మెల్లగా దించు.

---

అనంత_గాలం | ఆదివారం, రాత్రి 9:58

వారం రోజుల రిపోర్టు. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

తలగడ దొరికింది (అమ్మ గుడికి వెళ్ళింది). బూరుగు, ఊలు సగం సగం కలిపితే అరనిమిషంలో మునిగింది. మూడొంతులు బూరుగు, ఒక వంతు ఊలుకి సీసాలో బొరుగు పక్కన బొరుగులా కూర్చుంది. పాలిస్టర్ కుట్టుదారం మీద పేని, పొట్టి కాడ పదో నంబరు కొక్కేనికి చుట్టి, మెడ దగ్గర ఒక్క చుక్క ఫెవిక్విక్. కింద బ్లేడుతో గీకాను. కొక్కెం మొన దగ్గరి ముల్లు నొక్కేశాను, ఎలాగూ వదిలేయాలి కాబట్టి. చూడ్డానికి బొరుగులా ఏమీ లేదు. చెవిలో పెట్టుకునే దూదిలా ఉంది. మా ఆవిడ ఈసారి నోట్లో వేసుకోలేదు.

శుక్రవారం చెరువుకి వెళ్ళి పిల్లల దగ్గర కాకుండా గాలి మళ్ళే మూలలో, తూము పక్కన కూర్చున్నాను. గంటసేపు ఏమీ లేదు. నానిన బొరుగులు ఒక పాయలా కొట్టుకొచ్చాయి. ఆ పాయలో వేశాను, లైను వదులు చేశాను. నీళ్ళలోంచి తెల్లటి పెదవులు రెండు మెల్లగా పైకొచ్చి బొరుగులు ఒక్కొక్కటే పీలుస్తున్నాయి. నాది కూడా పీల్చింది. నేను గట్టిగా లాగాను, వచ్చేసింది. మళ్ళీ అంతే. మూడుసార్లు.

నాలుగోసారి కైకలూరు తమ్ముడి అరక్షణం గుర్తొచ్చి, పెదవులు మూసుకోవడం కోసం చూసి, రాడ్డు ఎత్తకుండా ఎడమచేత్తో లైను మెల్లగా బిగించాను. బరువు తగిలింది. గడ్డి చేప, నాలుగు కిలోల పైచిలుకు ఉంటుంది. పదిహేను నిమిషాలు నన్ను గట్టంతా తిప్పింది. వదిలేశాను. చీకటి పడేలోపు ఇంకో శీలావతి.

శనివారం రూప్‌చంద్ వచ్చింది. ఒకసారి కొక్కెం వంగిపోయింది, ఇంకోసారి టిప్పెట్ కోసినట్టు తెగి ఫ్లైయే పోయింది. దాని పళ్ళు మనిషి పళ్ళలా ఉంటాయని విన్నాను గానీ నమ్మలేదు. దానికి తేలే గుళికల మేత అలవాటట. అంటే గోధుమరంగు, గట్టి కొక్కెం, లావు టిప్పెట్. అది ఇంకో యుద్ధం.

---

శుద్ధ_శాస్త్రి | ఆదివారం, రాత్రి 10:15

గడ్డి చేపకి అభినందనలు. పెదవులు మూసుకోవడం చూసి బిగించారే, ఎండు ఫ్లైతో (నీటి మీద తేలే ఫ్లై) ట్రౌట్ పట్టేవాళ్ళు నేర్చుకునేదీ అదే. ఫోటో ఉందా?

---

అనంత_గాలం | ఆదివారం, రాత్రి 10:22

ఫోన్ సంచిలో ఉండిపోయింది సార్. తడి చేతుల్లో చేప, గట్టు మీద సంచి. చేపనే చూశాను.

---

కైకలూరు_కుర్రాడు | ఆదివారం, రాత్రి 10:40

అన్నా, నాకూ ఒకటి కట్టి పంపుతావా? బొరుగుది కాదు. తవుడు సంచి చిల్లు దగ్గర రాలే ముద్దలా, లేత గోధుమరంగు, బాగా చెదిరిన అంచులు, నీళ్ళలో నడిమధ్య ఆగేది. బొచ్చె కొరకదు, ఊరికే పీలుస్తుంది. మా నాన్న చెరువులోనే వేస్తాను, అడిగే వేస్తాను.

---

వైస్_ముందు_వదిన | ఆదివారం, రాత్రి 10:47

అది నేను కడతాను తమ్ముడూ, చాన్నాళ్ళుగా బుర్రలో ఉంది. గోనెసంచి నార దువ్వి ఊలుతో కలిపి చూస్తాను, పైన చిన్న బెండు. మీ సంచి చిల్లు దగ్గర ముద్ద ఎంత లోతులో ఆగుతుందో కొలిచి చెప్పు.

---

అనంత_గాలం | ఆదివారం, రాత్రి 11:05

వదినగారూ, నాకూ రెండు.

బూరుగు దూది ఇంకెవరికైనా కావాలంటే ఈ రాత్రికే చెప్పండి. తలగడ ఇంకా కుట్టలేదు, అమ్మ రేపు పక్కలు దులుపుతుంది.